కానుగ మొక్కలకు పోసిన నీళ్లు

విలేకరిగా రిటైరై ధర్మవరంలో ఉంటున్నాను. రెండేళ్ల కిందట మా వీధిలోని ఖాళీ సైటులో కానుగ మొక్కలు నాటి, వాడిన నీళ్లు ఇంటికో బిందె పోయమన్నాను. నెలకే మొక్కలన్నీ మాడిపోయాయి. సైటు యజమానే ఏదో మందు పోయించాడనుకుని, అతను రాగానే అందరి ముందూ చొక్కా పట్టుకున్నాను.

"ఏమప్పా, నా జాగాలో చెట్లు పెట్టి నన్నే కొడతావా?" అని అరిచాడు.

పట్టునూలుకు రంగులు వేసే ఎదురింటామె ముందుకొచ్చింది. "ఆయన్ను వదులన్నా. వాడిన నీళ్లు పోయమంటివి కదా, మేము దినామూ రంగునీళ్లు పోస్తిమి."

క్షమించమన్నా యజమాని వినలేదు. "ఇంగ ఈడ గడ్డి గూడా మొలవనియ్యను" అంటూ మరునాడే ముళ్లకంచె వేయించాడు. అతని మీద నాకు కోపం లేదు. ముప్పయ్యేళ్లు నలుగురినీ అడిగి వార్తలు రాసినవాణ్ణి, ఆ రోజు ఒక్క గుమ్మంలోనూ అడగలేదు.