పైడమ్మను ఓడెక్కించిన పద్యం

ఏళ్ల తరబడి నా గొంతులో ఒక పద్యం అడ్డుపడింది. మింగలేను, కక్కలేను. తిమింగలం వీపు మీద కూర్చుని ఈ దీవికి వచ్చానని చెప్పి మా లాల్మతీ ఊళ్లో సగం మందిని నమ్మించినవాణ్ని. ఆ అబద్ధాలకు నాకెప్పుడూ నిద్ర చెడలేదు. ఇది వేరు. మీరు నవ్వకుండా వింటారనే చెబుతున్నాను.

మా చెరుకుతోట కాంపులో అప్పన్న బావ పద్యాలు కట్టేవాడు. కన్నుమూసే ముందు, భార్య పైడమ్మ కోసమని, భజన పుస్తకం చివర ఒకటి రాశాడు:

ఓడ మళ్లీ వస్తుంది, ఒడ్డు వెంట రాదు.
నరికిన మోడుకి మన్నెత్తు, మొగం తిప్పుకోకు.
తీపి గడలో లేదు, దాని కింద ఉంది.

ఆయన పోయాక జరిగిన రామభజనలో దీపం చుట్టూ తిరగడం ఆపి అందరూ కూర్చున్నారు. పద్యం చదివినవాడే అర్థం చెప్పాలి, అది మా ఆనవాయితీ. చదవడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. నాకు ముక్క అర్థం కాలేదు.

"ఏటి రాసినాడ్రా మీ బావ? నీ కతలొద్దు, ఉన్నది సెప్పు" అంది పైడమ్మ.

"ఓడెక్కి మనూరు పొమ్మన్నాడక్కా. ఎనక్కి సూడొద్దన్నాడు."

"మరి పిల్ల?"

"దానికి మొగుడున్నాడు గదా, వదిలెయ్యమన్నాడు."

ఆ మాట పద్యంలో ఎక్కడుంది? వింటున్నవాళ్ల కళ్లలో నీళ్లు చూసి నాకు ఊపొచ్చింది, అంతే. తర్వాతి మద్రాసు ఓడలో పైడమ్మ వెళ్లిపోయింది. మళ్లీ కబురు లేదు.

కూతురు నరసమ్మ ఏటా భజనలో ఆ పద్యమే చదివించుకునేది. చదివినకొద్దీ నాకు అనుమానం. పొమ్మన్నవాడు మన్నెందుకు ఎత్తమంటాడు? గడ కింద ఏముంటుంది? ఒక ఏడు కోత అయ్యాక పొరుగూరు బ్రిజే వెర్దియేర్ పొలంలో, పిలకలు బాగా రావాలని మోళ్లకు మట్టి ఎగదోస్తూ, పనిలో పనిగా ఆ పద్యం నోట్లో నములుతూ, ఉన్నట్టుండి పార ఆపేశాను. నరికిన చెరుకు తానేనన్నాడు బావ. మోడు, ఈ నేలలో వేళ్లూనిన సంసారం. పిలక, నరసమ్మ. ఓడ ఎప్పుడైనా వస్తుంది, ఈ ఒడ్డు వదలకు, పిల్ల దగ్గరే ఉండమన్నాడు.

ఎంత మంచి పద్యం! ఆ తరవాత చదివినప్పుడల్లా ఇంకాస్త తీపి, ఆ వెనకే ముల్లు. అయినా భజనలో పాత అర్థమే చెబుతూ వచ్చాను. భయమా? పరువా? రెండూనేమో.

మొన్న నరసమ్మ పుస్తకం నా ముందుకు తోసింది. "మావా, నన్ను వదిలెయ్యమని నాన్న ఏ మాటలో అన్నాడు? ఏలెట్టి సూపించు."

కాగితం మీద వేలు పెట్టాను. ఎక్కడ ఆపను?

"అనలేదమ్మా. అది నా మాట" అన్నాను. అసలు అర్థం కూడా చెప్పాను.

ఆమె పుస్తకం కొంగులో చుట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. అప్పటినుంచి నన్ను పలకరించదు. పలకరించమని అడగను. ఆ పద్యం ఇప్పుడు నా దగ్గర లేదు, నోటికి మాత్రం వచ్చు. చెప్పుకుంటుంటే గొంతులో ఏదీ అడ్డుపడడం లేదు.