విప్పుడు బావ

బావకు ఉన్నది ఒకటే జబ్బు. మరమేకు కంటబడితే విప్పకుండా ఉండలేడు. విప్పినదాన్ని బిగిస్తాడు, తల వంచి చూస్తాడు, "ఉహూ" అంటాడు, మళ్లీ విప్పుతాడు. పెళ్లైన కొత్తలో కొన్న గోడ గడియారాన్ని కొన్న సాయంత్రమే దించి విప్పాడు. అప్పట్నుంచి దానికి ఒక మరమేకు తక్కువ. గంట కొట్టినప్పుడల్లా జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ఆఫీసులో ఆయన పక్క కుర్చీ ఖాళీగానే ఉంటుంది. అందులో కూర్చున్నవాడు ఒకసారి కుర్చీతో సహా కూలాడు. విప్పుడు బావ అని పేరు పెట్టింది బామ్మర్దే.

ఆ బామ్మర్ది చదువు మధ్యలో మానేశాడు. ఏ ఉద్యోగంలోనూ కుదురుగా నిలవలేదు. సైకిలు మీద కొండ దిగడంలో మాత్రం వాడిని కొట్టేవాడు లేడు. అలాంటివాడు వానాకాలం మొదట్లో కొండ మలుపులో పడి ఎడమ భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు పట్టీ కట్టి, తను చెప్పేదాకా సైకిలు ఎక్కొద్దన్నాడు. ఏటా జరిగే కొండ సైకిళ్ల పందెం దగ్గరపడేసరికి వీడు పట్టీ విప్పి మంచం కిందికి తోసేశాడు.

"నొప్పి లేదట్రా?" అంది అక్క.

"ఎప్పుడో పోయింది."

బావ స్పానరు తీసుకుని సైకిలు దగ్గర కూర్చున్నాడు. "ముందు చక్రం ఫోర్కులో బురద చేరి ఉంటుంది. ఒకసారి విప్పి చూద్దాం."

బామ్మర్ది గోడ గడియారం వైపు చూశాడు.

వరండాలో పాత పేపర్లు పరిచారు. రాళ్ల మీద కుంగి లేచే ఆ ఫోర్కులో గాలి తీసేసి, కింది బోల్టులు వదులు చేసి, రబ్బరు సుత్తితో తట్టి, ఫోర్కు కాళ్లు రెండూ కిందికి లాగాడు బావ. నల్లటి నూనె అక్క వంటింటి పళ్లెంలోకి కారింది. నూనె కారకుండా ఆపే సీళ్లు మార్చాడు. స్పాంజి రింగులు నూనెలో నానబెట్టాడు. దగ్గుమందు మూతతో కొలిచి కొత్త నూనె పోశాడు. బిగించి, పంపుతో గాలి కొట్టాడు.

"రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి బరువంతా వేసి నొక్కు."

బామ్మర్ది నొక్కాడు. ఫోర్కు మెత్తగా కుంగి లేచింది.

"ఉహూ," అని బావ మళ్లీ స్పానరు తీశాడు.

"బాగానే ఉంది కదా బావా."

"నీకేం తెలుసురా. నువ్వు ఎక్కేవాడివి."

ప్రతి సెలవునాడూ ఇదే తంతు. బిగించడం, నొక్కమనడం, ఉహూ అనడం, విప్పడం. మధ్యలో వీడే బిగించుకుందామంటే బోల్టులు బావ చొక్కా జేబులో ఉండేవి. ఆ చొక్కా ఆఫీసుకు పోయేది. బయట వాన వదలడం లేదు. గోడలు చెమ్మగిల్లాయి, ఉతికిన బట్టలు ఆరక కంపు కొట్టాయి, ఇల్లంతా ఫోర్కు నూనె వాసన.

"ఏమండీ, ఆ పళ్లెం నాకు తిరిగి వస్తుందా?" అని అడిగింది అక్క.

"కడిగిస్తాను."

"వద్దు, ఉంచుకోండి. అందులో వండితే కూర కూడా కుంగి లేస్తుంది."

పందెం నాడు తెల్లారింది. ఫోర్కు బిగించే ఉంది. బామ్మర్ది బూట్లు వేసుకుని వచ్చాడు.

"నొక్కు," అన్నాడు బావ.

నొక్కాడు.

"ఉహూ."

"నాకు వచ్చింది ఇదొక్కటే బావా," అన్నాడు బామ్మర్ది మెల్లగా. "ఇవాళ పోకపోతే జట్టులో నా చోటు ఇంకొకడికి ఇచ్చేస్తారు."

బావ తల ఎత్తలేదు. గాలి బుస్సున పోయింది. బోల్టులు జేబులో పడ్డాయి. బామ్మర్ది బూట్లు విప్పి గోడకేసి కొట్టి, తలుపు వేసుకున్నాడు. పందెం వాడు లేకుండానే జరిగింది, చోటూ పోయింది. ఆ తర్వాత బావతో మాట మానేశాడు. పిలిస్తే వచ్చేవాడు, నొక్కేవాడు, పోయేవాడు.

వానలు వెలిశాక ఒక పొద్దున పరధ్యానంగానే నొక్కి వెనక్కి తిరిగాడు.

"ఊ," అన్నాడు బావ.

బామ్మర్ది ఆగిపోయాడు. "ఏం మార్చావు?"

"ఏమీ లేదు. మొదటిసారి బిగించినప్పుడే బాగైంది."

"మరి ఇన్నాళ్లూ?"

"ఫోర్కును ఎవరు చూశార్రా? నీ మొహం చూశాను. నొక్కినప్పుడల్లా పళ్లు బిగబట్టేవాడివి. ఇవాళ లేదు. పోయి డాక్టరుకు చూపించుకో, ఆయనా ఊ అంటే ఎక్కు."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా."

"డాక్టరు కట్టిన పట్టీనే విప్పి మంచం కింద పడేశావు. నా మాట వింటావా? ఈ ఇంట్లో విప్పడంలో నాకంటే ఘనుడివి నువ్వే."

బామ్మర్ది భుజం తడుముకున్నాడు. పోయిన పందెం ఎలాగూ తిరిగి రాదు. వచ్చే ఏడు ఇంకొకటి ఉంది. కిందికి వంగి, నూనె మరకల పేపర్లు పోగుచేయబోయాడు. వాటి మీద ఒక చిన్న మరమేకు మిగిలి ఉంది.

వాడు దాన్ని ఎత్తి చూపించాడు. "బావా, ఇది ఫోర్కుదేనా?"

బావ దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. లోపల గడియారం వణుకుతూ గంట కొట్టింది.

"కాదురా," అన్నాడు బావ సంతోషంగా, స్పానరు పక్కన పెట్టి. "నిచ్చెన పట్టుకురా."