ఫైల్లోంచి తీసేసిన పేరు

కరెంటు పోగానే యూపీఎస్ కీచుమని కూసింది. ఉదయగిరిలో మా ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్న నాకు ఆ కూత వినపడితే చాలు, ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆత్మకూరులో నేను డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీ ల్యాబులో అదే కూత. అది మొదలవగానే మా కంప్యూటర్ టీచరు ఎస్తేరు మేడమ్ "సేవ్ చేయండి, సేవ్ చేయండి" అంటూ బల్లల మధ్య పరుగెత్తేవారు. ఆ కాలేజీ ఆమెకు చేసిన అన్యాయాన్ని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. అందులో నా చెయ్యి కూడా ఉంది.

ల్యాబులో మేం చాటుగా ఒక ఆట ఆడేవాళ్లం. దిమ్మెలు పేర్చి ఊళ్లు, కోటలు కట్టే ఆట. మూలనున్న కంప్యూటరే మా అందరి ఆటనూ కలిపి నడిపే సర్వరు. నెలరోజులు కష్టపడి నేను మా ఉదయగిరి కోటను కడితే, ఎవరో ఒక్క పీరియడ్లో కూల్చేశారు. ఏడుస్తూ మేడమ్‌కు దొరికిపోయాను. తిడతారనుకున్నాను. "ఏడిస్తే గోడ లేస్తాదా? కూల్చింది మళ్లీ తెచ్చుకునేటట్టు ప్లగిన్ రాద్దాం, రా" అన్నారు.

ప్లగిన్ అంటే సర్వరుకు మనం తగిలించే చిన్న ప్రోగ్రాము. సిలబస్‌లో ఉన్న భాష వదిలేసి, తను సొంతంగా నేర్చుకున్న ఒక ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషను ఎంచుకున్నారు మేడమ్. "ఇందులో పాతదాన్ని చెరపం. అది అట్నే ఉంటాది, దాంట్లోనించి కొత్తది చేస్తాం. అందుకే వెనక్కి పోగలం" అన్నారు. ప్రాజెక్టును నిలబెట్టడానికే వారం పట్టింది. ప్లగిన్ పేరేమిటో, ఎక్కడ మొదలుపెట్టాలో, రాసిందెవరో సర్వరుకు చెప్పే చిన్న ఫైలు ఒకటి ఉండాలి. సర్వరు ఆన్ చేసిన ప్రతిసారీ తెరనిండా ఎర్ర అక్షరాలే. నేను భయపడి మూసేయబోతే చెయ్యి పట్టుకున్నారు. "మూసేయబాక. పైకి చదువు. అది నిన్ను తిట్టడంలా, ఏం తక్కువైందో చెప్తా ఉండాది." చదివాను. ఆ ఫైల్లో ఒక్క అక్షరం తప్పు పడింది. దిద్దాక సర్వరు ఒప్పుకుంది. మరో రెండు వారాలకు కూలిన గోడ మళ్లీ లేచింది. ఆ చిన్న ఫైల్లో రాసినవాళ్ల వరుసలో మేడమ్ మొదట నా పేరు టైపు చేసి, పక్కన తన పేరు చేర్చారు.

కాలేజీని చూడడానికి బయటి పెద్దలు వస్తున్నారనగా డిపార్ట్‌మెంట్ హెడ్ నన్ను పిలిచాడు. "ఆ ఫైల్లో మీ మేడమ్ పేరు తీసేసి నా పేరు పెట్టు. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉండాయో మర్చిపోబాక." మార్చేశాను. పది సెకన్ల పని.

వచ్చిన పెద్దలకు హాల్లో మా ప్లగిన్‌ను, కూలిన గోడ మళ్లీ లేవడాన్ని చూపించారు. పెద్ద తెర మీద అతని పేరు పడింది. చప్పట్లు కొట్టారు. వెనక వరుసలోంచి ఎస్తేరు మేడమ్ లేచారు.

"సార్, ఆ గోడ ఎట్ట వెనక్కొచ్చిందో చెప్పండి."

హెడ్ నవ్వబోయి కర్చీఫ్ తీశాడు. కాలేజీ కరస్పాండెంట్ కసిరాడు: "ఏందమ్మా, వచ్చినోళ్ల ముందర ఈ గోల? కూర్చో!"

ఆమె కూర్చోలేదు. "పని నాదీ, ఈ పిల్లదీ. పేరు ఆయనదెట్టయింది?"

అందరూ నా వైపు తిరిగారు. నేను నేల చూశాను.

సోమవారం ఆమెను గేటు దగ్గరే ఆపేశారు. కారణం ఏం చెప్పారో తెలుసా? ల్యాబులో పిల్లలచేత ఆటలాడిస్తోందట! ఏ ఆటకు చప్పట్లు కొట్టించుకున్నారో, ఆ ఆటనే నేరం చేశారు. సిగ్గన్నది ఉండక్కర్లేదా? ఆ హెడ్ దర్జాగా రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో అతని మెడనిండా దండలు.

మేడమ్ వింజమూరులో ఒక స్కూల్లో లెక్కలు చెబుతున్నారని తెలిసి పోయినేడు వెళ్లాను. "ఆ పేరు తీసింది నేనే మేడమ్" అన్నాను.

"ఆ రోజే తెలుసు. ఆ ఫైలు తెరవడం నీకు తప్ప ఇంకెవరికి తెలుసు? భయపడి తీసినావు, సరే. నేను లేచినప్పుడన్నా లేస్తావనుకున్నా" అన్నారు, గ్లాసులో టీ పోస్తూ.

మొన్న ఆఫీసు మీటింగులో ఒక కొత్తమ్మాయి పనిని మేనేజరు తనదిగా చూపిస్తుంటే మధ్యలో ఆపి, ఆ అమ్మాయి పేరు చెప్పాను. అతను ఇంకా నాతో మాట్లాడడం లేదు. మాట్లాడకపోనీ. ఆ హాలు తలుచుకుంటే మాత్రం, హెడ్ మీద కన్నా నామీద నాకే ఎక్కువ కోపం వస్తుంది.