ప్యారిస్ దాకా పోయిన బొంత

కృపానందం అన్నకు ఉన్నది ఒక్కటే అలవాటు. ఎదురుపడ్డ మనిషి ముఖం తర్వాత చూస్తాడు, ముందు బట్టలు చూస్తాడు. చూసి ఊరుకుంటే గొడవే లేదు. ఊరుకోడు. ఆ బట్ట ఏ దేశపు ఫ్యాషనో, ఆ దేశం వాళ్లు దాన్ని ఏ ఊరి నుంచి ఎత్తుకుపోయారో పదిమందీ వినేలా చెప్పందే అక్కడి నుంచి కదలడు.

ఆయన ఉద్యోగానికీ ఫ్యాషన్‌కీ ఏ సంబంధమూ లేదు. సికింద్రాబాద్ అవతల ఏఎస్ రావు నగర్ పక్కనున్న పెద్ద ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేను అక్కడే స్టోర్సులో గుమాస్తాను. ఇద్దరిదీ నాచారంలో ఒకటే వీధి. ఇన్ని మాటలు చెప్పే మనిషి తను మాత్రం పండక్కీ పబ్బానికీ కూడా ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన ఖాకీ చొక్కాయే వేసుకుంటాడు. "అదేంటన్నా?" అంటే, "క్రికెట్ కామెంట్రీ చెప్పేటోడు బ్యాటు పట్టుకుంటడా తమ్మీ?" అంటాడు.

నన్ను ఆయన మొదటిసారి చూసింది ఎనభై నాలుగు డిసెంబరులో, నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన రోజున. నా ఒంటి మీద మా నాన్నగారి నల్లకోటు ఉంది. ఆయన రైల్వేలో టికెట్ కలెక్టరుగా రిటైరయ్యారు. మనిషి భారీ. నేను బక్క. కోటు భుజాలు నా మోచేతుల దాకా జారాయి, చేతులు వేళ్ల కొసల్ని దాటాయి. క్యాంటీన్‌లో అడుగు పెట్టగానే ఎవడో, "సార్, నా దగ్గర టికెట్ లేదు, దిగిపొమ్మంటరా?" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది.

అప్పుడు మూలనుంచి ఓ ఖాకీ చొక్కా లేచి బెంచీ ఎక్కింది.

"నవ్వుతున్రా? నవ్వున్రి! గిది ఇటలీ కటింగ్. భుజం జారాలె, చెయ్యి దాగాలె, లోపట ఇంకో మనిషికి జాగ ఉండాలె. మీరు తొడుక్కున్న కోట్లు గూటాలకు గుడ్డ సుట్టినట్టున్నయి. తమ్మీ, ఏడ కుట్టిచ్చినవు?"

"ఇంట్లోదేనండీ" అన్నాను.

"సూసిన్రా! ఇంట్లనే ఇటలీ!"

నవ్వు ఆగిపోయింది. వారం తిరక్కుండా అకౌంట్సులో ఇద్దరు కోట్ల భుజాలు వదులు చేయించుకున్నారు. నాకే తెలియకుండా నాలో ఇంత అభిరుచి ఉందని ఆ రోజే తెలిసింది. పెళ్లిచూపుల్లో మా ఆవిడ అనంతలక్ష్మికి మొదట చెప్పుకున్న గొప్ప కూడా అదే. ఆ కోటును కలరా ఉండలు వేసి దాచుకుని, ముఖ్యమైన రోజుల్లో మాత్రమే తొడుక్కునేవాణ్ణి.

అయితే ఆయన మెచ్చుకోళ్లలో ఏదో తిరకాసు ఉందని క్రమంగా అర్థమైంది. బాగా ఉన్నవాళ్ల బట్టలు ఆయనకు నచ్చవు. మా మేనేజరు గారు కొత్త సఫారీ సూటు వేసుకొచ్చి ఇటూ అటూ రెండుసార్లు తిరిగితే కృపానందం అన్న, "మంచిగున్నది సార్. ఆఫ్రికాల దోమలకు భయపడి తెల్లోళ్లు కుట్టిచ్చుకున్నరు. మన నాచారం దోమలకు గూడ ఆగుతది" అన్నాడు. ఆ సఫారీ మళ్లీ కనిపించలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ పోశయ్య మాత్రం ఒక కాలికి నల్ల చెప్పు, ఒక కాలికి గోధుమరంగు చెప్పు వేసుకొస్తే, "శభాష్ పోశయ్యా! జపాన్ల గిప్పుడు గిదే నడుస్తున్నది. రెండు కాళ్లు రెండు తీర్లుండాలె" అని చేయి కలిపాడు. పోశయ్య ఆ రోజంతా కాళ్లు ముందుకు చాపుకుని కూర్చున్నాడు. ఈయన అభిరుచి తలకిందులుగా ఉందని, నా కోటు విషయంలో మాత్రమే పొరపాటున సరిగ్గా పని చేసిందని నేను తీర్మానించుకున్నాను.

తొంభై అయిదులో మా ఇంటికి కేబుల్ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఏదో విదేశీ చానెల్లో అరగంటపాటు ఫ్యాషన్ షో వేసేవాళ్లు. అంతే, రెండూ నలభై అయిదుకల్లా కృపానందం అన్న మా ముందుగదిలో కుర్చీ వేసుకునేవాడు.

"చెల్లె, ఆ పిల్ల భుజమ్మీదికెళ్లి నల్లగ కప్పుకున్నది సూడు. ఏందది?"

"శాలువా అన్నయ్యా" అనేది అనంతలక్ష్మి.

"గొంగడి! కీసర కాడ గొర్లు కాసేటోళ్లు వానకు గట్లనే కప్పుకుంటరు. గిది మనదే!"

అద్దాలు కుట్టిన గౌను వస్తే, "లంబాడి తాండల సూడలే? గిది మనదే!" కాళ్ల మధ్య కుచ్చిళ్లు దోపిన ప్యాంటు వస్తే, "గోచి! గోచిగాదా అది? గిది మనదే!" ఒక్కసారి మాత్రం వెనక ఆరు గజాల గుడ్డ ఈడ్చుకుంటూ ఒకామె నడిస్తే తల అడ్డంగా ఊపాడు. "గిది మనది కాదు చెల్లె. నాచారం బజార్ల గట్ల నడిస్తే మున్సిపాలిటీ ఊడ్సినందుకు జీతమియ్యాలె."

"వాళ్లెందుకు అన్నయ్యా ఒక్కరూ నవ్వరు?"

"నవ్వితే మనం మొఖం సూస్తం గదా. బట్టలు సూడాల్నని మొఖాలు బంద్ పెట్టుకున్నరు."

ఎత్తుకుపోవడం మీద ఆయనకు కోపం లేదు. "గుడ్డ అన్నంక ఊర్లు తిరుగుతది తమ్మీ. మనం ప్యాంట్లు తొడుగుతలేమా? గని ఎవలకాడ దెచ్చినమో పేరు జెప్పాలె" అనేవాడు. అనడంతో ఆగలేదు. 'పెద్ద టైలర్ గారు, ప్యారిస్' అని చిరునామా రాసి, గొంగడి గురించి పదకొండు ఉత్తరాలు తెలుగులో రాసి ఉప్పల్ పోస్టాఫీసులో వేశాడు.

"జవాబు రాలేదు కదన్నా?"

"వాళ్లకు తెలుగు సదివేటోడు దొర్కాలె గదా. దొర్కుతడు" అని పన్నెండోది మొదలుపెట్టాడు. పట్టు పడితే అంతే ఆయన.

ఆ ఏడు నవంబరులో సారమ్మ ఏడ్చుకుంటూ మా ఇంటికి వచ్చింది. సారమ్మ వెనక వీధిలో ఉంటుంది. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీలో డబ్బాలకు లేబుళ్లు అంటించే పని. కానీ మా వీధి చర్చిలో తొమ్మిదేళ్లుగా క్రిస్మస్ నాడు మొదటి పాట అందుకునేది ఆమే. ఆ చర్చిలో ఒక ఆచారం ఉంది. క్రిస్మస్ ఆరాధనలో పాడే పన్నెండు మంది ఆడవాళ్లూ తమ తమ పెళ్లినాటి తెల్లచీరలు కట్టుకుని నిలబడాలి. బృందాన్ని నడిపించే విక్టోరియా టీచరు గారు దానికి ఇంకో నియమం చేర్చారు. చీర మీద మచ్చ ఉండకూడదు. ఉంటే వెనక బెంచీయే.

సారమ్మ చీర ఇస్త్రీ చేస్తుంటే బొగ్గుల పెట్టెలోంచి నిప్పు రవ్వ పడి పమిట మీద అరచేతి మేర కాలిపోయింది. కూతురి పాత గౌనులోంచి నీలంపూల గుడ్డ కత్తిరించి అతుకు వేసింది. దానికి సరిపోయే దారం కోసం అనంతలక్ష్మి దగ్గరికి వచ్చింది.

"నా తెల్లచీర కట్టుకోవే" అంది అనంతలక్ష్మి.

"పెండ్లిచీరనే కట్టాలె గదక్కా. అందరూ అందరి చీరలు గుర్తువడ్తరు. గొంతు నొస్తున్నదని జెప్పిన. ఈసారి పాడను." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏడాదంతా డబ్బాలే అక్కా. ఆ ఒక్క పొద్దే నేను సారమ్మను."

మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, ఒప్పుకుంటాను. దానికి తోడు ఇంకో ప్రమాదం ఉంది. సారమ్మ పాడకపోతే మొదటి పాట విక్టోరియా టీచరు గారే అందుకుంటారు. ఆవిడ హెడ్మిస్ట్రెస్. పాడినా హాజరు పిలిచినట్టే ఉంటుంది.

ఇదంతా గుమ్మంలో నిలబడి కృపానందం అన్న విన్నాడు. ఓదార్చలేదు. "అతుకు ఏ రంగు?" అని మాత్రం అడిగాడు.

"నీలమన్నా" అంది సారమ్మ.

"ఆఁ" అని వెళ్లిపోయాడు. ఇంత దుఃఖంలోనూ ఈయనకు రంగు కావాల్సి వచ్చిందా అని నాకు మండింది.

తర్వాతి ఆదివారం నుంచి ఆయన వ్యాఖ్యానం ఆగిపోయింది. కళ్లార్పకుండా తెరను చూస్తూ ఒకే మాట గొణిగేవాడు. "అతుకు రాలే." మొదటి ఆదివారం అన్నీ ఈకలు. "అతుకు రాలే." రెండో ఆదివారం ఇనుప గొలుసులు, పాలిథిన్ గౌన్లు. మధ్యలో అచ్చం గొంగడి లాంటిదే వచ్చినా, "పోనియ్యి" అన్నాడు. అనంతలక్ష్మి భయపడి జీలకర్ర నీళ్లు కలిపి ఇచ్చింది.

క్రిస్మస్‌కు ఇక పదిహేను రోజులు. మూడో ఆదివారం కేబుల్ సరిగా లేదు. బొమ్మ నలిగి, గళ్లు గళ్లుగా విడిపోతోంది. ఆ గందరగోళంలో పొడుగాటి కోటు తొడుక్కుని ఒకామె నడిచి వచ్చింది. కోటు మీద ఎర్రవి, పచ్చవి, నీలివి చతురస్రాలు.

"అతుకులు!" కృపానందం అన్న కుర్చీ మీదికి ఎగిరాడు. "బొంత! మా అవ్వ పాత చీరలు పేర్చి కుట్టిన బొంత! గిది మనదే!"

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి, విక్టోరియా టీచరు గారిని వెంటబెట్టుకొచ్చాడు. అప్పటికి షో అయిపోయి బట్టల సబ్బు ప్రకటన నడుస్తోంది.

"ఎక్కడండీ కృపానందం గారూ ప్యారిస్?" అన్నారావిడ, సబ్బు వంక చూస్తూ.

"గిప్పుడే పోయిందమ్మా. అతుకులే అతుకులు. ఒక్క అతుకన్న లేకుంటే పెద్దింటోళ్ల కింద లెక్కవెడ్తలేరంట. తమ్ముడు సూసిండు. ఉమామహేశ్వరు అబద్ధమాడడు, అడుగున్రి."

అందరూ నన్ను చూశారు. నేను చూసినవి అతుకులో, కేబుల్ గళ్లో ఆ దేవుడికే తెలియాలి. తలుపు పక్కన అనంతలక్ష్మి నావైపు చూసిన చూపు మాత్రం నాకు స్పష్టంగా తెలిసింది.

"అవునండీ. అతుకులే. ముఖ్యంగా నీలం" అన్నాను.

విక్టోరియా టీచరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది సికింద్రాబాద్ చర్చిలవాళ్లకు తెలిసిందా?"

"ఇంక తెల్వలేదమ్మా. తెలిస్తే వాళ్లే ముందట వెడ్తరు. తర్వాత మనం పెట్టినా లాభం లేదు."

ఆ దెబ్బ తగలాల్సిన చోట తగిలింది. మర్నాడే ఆజ్ఞ వెలువడింది. ఈ క్రిస్మస్‌కు ప్రతి పెళ్లిచీర పమిట మీదా అరచేతి మేర ఒక రంగు అతుకు ఉండి తీరాలి. పదకొండు ఇళ్లల్లో పెళ్లిచీరలు ట్రంకుల్లోంచి బయటికొచ్చాయి. మంచి చీర మీద అతుకేమిటని మొగుళ్లు మొత్తుకున్నారు. "మీకేం తెలుసు, ప్యారిస్" అన్నారు ఆడవాళ్లు. విక్టోరియా టీచరు గారు తన ముందుగది కర్టెన్ అంచు కత్తిరించి ఎర్ర మఖ్మల్ అతుకు వేసుకున్నారు. మా ఆవిడ పాడకపోయినా నిష్కారణంగా తన వెంకటగిరి చీరకు ఒకటి కుట్టుకుంది.

సారమ్మ గొంతు ఆ సాయంత్రమే బాగైపోయింది.

క్రిస్మస్ పొద్దున మేమూ చర్చికి వెళ్లాం. ముఖ్యమైన రోజు కదా అని నేను కోటు తొడుక్కున్నాను. పన్నెండు తెల్లచీరలు, పన్నెండు అతుకులు వరసగా నడిచి వచ్చాయి. ఒక్కరూ నవ్వలేదు. అలా నవ్వకూడదని కృపానందం అన్న ముందే చెప్పి ఉంచాడట. సారమ్మ మాత్రం ఆ మాట మరిచిపోయి నవ్వుతూ నిలబడి పాట అందుకుంది. ఆ గొంతు పైకప్పును తాకింది. పోయిన ఏడు కంటే గొప్పగా పాడిందని నా ముందు బెంచీలో ముసలావిడ ఎవరో అంటే, అవునని నేను కూడా గట్టిగా తలూపాను. నేను పోయిన ఏడు రానేలేదు.

ఆరాధన అయ్యాక విక్టోరియా టీచరు గారు సారమ్మ పమిట పట్టుకుని పరిశీలించారు. "మా అందరివీ అతికించినట్టు ఉన్నాయి. నీది మాత్రం చీరతోపాటే పుట్టినట్టుంది. ఏ టైలరే?"

"నేనేనమ్మా."

"వచ్చే ఏడు అందరివీ నువ్వే కుట్టాలి" అన్నారావిడ.

చర్చి ఆవరణలో టీ తాగుతూ కృపానందం అన్నను చూశాను. ఖాకీ చొక్కాలో, గోడకు ఆనుకుని, బేకరీ దిల్‌పసంద్ ముక్క తింటూ సారమ్మనే చూస్తున్నాడు. అప్పుడు నా మందబుద్ధికి ఒక్కొక్కటే తట్టడం మొదలైంది. పోశయ్య చెప్పులు. మేనేజరు గారి సఫారీ. నవ్వుతున్న క్యాంటీన్, బెంచీ ఎక్కిన ఖాకీ చొక్కా. టీ గ్లాసు పట్టుకుని ఆయన దగ్గరికి నడిచాను.

"అన్నా, ఒక్క మాట నిజం చెప్పండి. ఈ కోటు... ఇది నిజంగా ఇటలీ కటింగేనా?"

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. జారిన భుజం కాస్త సర్ది, మళ్లీ ఎప్పటిలాగే జారనిచ్చాడు.

"ఇటలీదే తమ్మీ. ఇటలీల గూడ నాయిన కోటు తొడుక్కొని మొదటిరోజు నౌకరికి పోయే పిలగాండ్లు ఉండరా ఏంది?"

మా ఆవిడకు ఈ సంగతి నేటికీ చెప్పలేదు. మొన్న ఫ్యాక్టరీ వార్షికోత్సవం నాడు మా స్టోర్సులో కొత్తగా చేరిన అబ్బాయి పొట్టి ప్యాంటుతో, చీలమండలు కనిపిస్తూ వచ్చాడు. క్యాంటీన్‌లో నవ్వులు మొదలయ్యాయి. నేను టీ గ్లాసు కింద పెట్టి, కోటు సర్దుకుని, బెంచీ ఎక్కాను.

"నవ్వుతున్నారా?" అన్నాను. "ఇది ప్యారిస్!"