రాజమాణిక్కం రక్తంలో చీటీలు

పాపారపట్టి రాజమాణిక్కం ఇరవై ఏడేళ్లుగా గోడలు కడుతున్న మేస్త్రీ. మూడో అంతస్తు పరంజా మీద బీడీ కాలుస్తూ నిలబడతాడు కానీ, సూది కనిపిస్తే వీధి చివరికి పరిగెత్తుతాడు.

ఆయన భార్య మాదమ్మకు రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేశారు. మందులు ఎక్కించడం పూర్తయ్యేదాకా మాంసం, చేపలు, ఏ నీసూ ముట్టబోమని ఇద్దరూ మాదేశ్వరస్వామికి మొక్కుకున్నారు. మొక్కింది మాదమ్మ. రాజమాణిక్కం పక్కన నిలబడి తల ఊపాడు.

నాలుగో విడత మందుకు ధర్మపురి ఆసుపత్రికి వెళ్లిన రోజు సరణ్య అనే అమ్మాయి వాళ్ల దగ్గరికి వచ్చింది. పరిశోధన చేస్తోంది. పెరియంపట్టి పిల్ల, వీళ్లలాగే ఇంట్లో తెలుగే. మాదమ్మ రక్తంతో పోల్చి చూడటానికి జబ్బు లేని మనిషి రక్తం కూడా కావాలంది.

"రక్తంలో ఏం వెతుకుతావమ్మా?" అన్నాడు రాజమాణిక్కం, సూది ఎంత ఆలస్యమైతే అంత మేలని.

"ఒంట్లో కణాలు కంటికి ఆనని పొట్లాలు బయటికి వదుల్తా ఉంటాయి మామా. వాటిలో ఆర్‌ఎన్‌ఏ అని, చీటీల మాదిరి ఉంటుంది. క్యాన్సర్ కణాల పొట్లాలు పక్క కణాలకు పోయి వాటి బుద్ధి మార్చేస్తాయి. ఆ చీటీలు చదివితే జబ్బును ముందే కనుక్కోవచ్చేమోనని చూస్తా ఉండాము."

"నా ఒంట్లోనూ ఉంటాయా?"

"అందరి ఒంట్లోనూ ఉంటాయి."

"అంతా చదివేస్తారా?"

"చేతనైనంత చదువుతాము."

రాజమాణిక్కానికి చెమటలు పట్టాయి. శనివారం పని దిగగానే బస్టాండు పక్కన పరోటా, కోడికూర తిని, సోంపు నమిలి ఇంటికి పోవడం ఆయనకు అలవాటైంది. ఆ సంగతి ఏ పొట్లంలో రాసి ఉందో. సరణ్య ఆయన చేతికి రబ్బరు పట్టీ చుట్టింది.

"మాదమ్మా," అన్నాడు నేల చూస్తూ. "నాలుగు శనివారాలు కోడి తిన్నాను. ఆ పిల్ల చదివి చెప్పేలోగా నేనే చెప్తా ఉండాను."

"చీటీల్లో కోడి సంగతి ఉండదు మామా," అంది సరణ్య మెల్లగా.

ఆపరేషన్ అయినప్పటి నుంచి నవ్వని మాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగిపోయాయి.

"నాలుగు కాదు, ఆరు," అంది చివరికి. "సోంపు వాసన నాకు తెలీదా? స్వామికి నేను సర్దిచెప్పుకుంటా. నువ్వు చెయ్యి చాపు."

సూది దిగింది. మేస్త్రీ కుర్చీలోంచి జారాడు. భార్యకని వేసిన మంచం మీద ఆయన పడుకుంటే, ఆమె పక్కన కూర్చుని కొంగుతో విసిరింది.

మాదమ్మ మందులు పూర్తయ్యాయి. తరువాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఏం తేలిందని అడిగితే, ఇంకా చాలామంది రక్తం కావాలంది సరణ్య. రాజమాణిక్కం తనతో పనిచేసే ఇద్దర్ని వెంటబెట్టుకుని ధర్మపురి బస్సెక్కాడు. దారిలో వాళ్లకు ఒకే మాట చెప్పాడు: "పెళ్లాంతో చెప్పాల్సింది ఏమన్నా ఉంటే ముందే చెప్పేసి రండి."

వాళ్లలో గోపాలసామి సగం దారిలో, ఇండూరులోనే బస్సు దిగి వెనక్కి ఇంటికి నడిచాడు.