వంటావార్పులో మా గిన్నె

మా కర్రీ పాయింట్ దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో ఉండేది. కౌంటర్ మీద నేను, తెర వెనక అక్క. అక్కంటే తోడబుట్టింది కాదు. నల్గొండ వైపు నుంచి వచ్చి మా పక్క వాటాలో ఉండే ఆవిడ, వ్యాపారంలో సగం భాగస్తురాలు. మేం కృష్ణా జిల్లావాళ్లం కాబట్టి మావారు బోర్డు మీద 'ఆంధ్రా కర్రీ పాయింట్' అని కొట్టొచ్చినట్టు కనబడేలా రాయించారు. దాంతో హాస్టల్ పిల్లలందరూ "ఆంటీ, మీ చేతి వంటే వేరు" అని నన్ను పొగిడేవారు. నేను కాదనేదాన్ని కాదు. నిజానికి నేను పెట్టిన చారుతో మావారు ఒకసారి నీళ్లనుకుని చేతులు కడుక్కున్నారు.

ఒకరోజు ఈ పొగడ్త అక్క చెవిన పడింది. గరిటెతో సహా తెర బయటికొచ్చింది.

"వండేది నేను, మంచిదనిపిచ్చుకునేది నువ్వు! గిదేం న్యాయం చెల్లె? ఈడ నేనున్నట్టు మందికి ఎరుక గావాలె. లేకుంటె పెద్ద అంబర్‌పేట్‌ల మా తమ్ముని షట్టర్ ఖాళీగున్నది. పోయి నా దుకాణం నేనే పెట్టుకుంట."

అక్క వెళ్లిపోతే దుకాణంలో మిగిలేది బోర్డూ, నేనూ, నా చారూ.

బోర్డు మీద అక్క పేరు రాయిద్దామని మావారితో అన్నాను. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఇవాళ ర్యాలీ, రేపు బంద్. ఆయనకేమో బోర్డు పేరెత్తితేనే చెమటలు. "ఇప్పుడు నిచ్చెన వేస్తే ఊరంతా తలెత్తి చూస్తుందే" అని, 'ఆంధ్రా' అన్న మాట కనబడకుండా దాని ముందు ఒక అరటిగెల వేలాడదీశారు. కూరలకొచ్చిన వాళ్లంతా డజను ఎంతని అడగడం మొదలుపెట్టారు.

ఇక నాకు తోచిన దారి నెట్ ఒక్కటే. పక్కనున్న నెట్ సెంటర్‌కు వెళ్లి దుకాణం పేరుతో ఒక పేజీ తెరిచాను. అక్క ఫొటో పెడితే ఆమె కోరికా తీరుతుంది, కూరలకూ ప్రచారం అవుతుందనుకున్నాను. ఫొటో అనగానే అక్క పట్టుచీర కట్టి, హారం వేసుకుని, తల్లో మూర మల్లెపూలతో పొయ్యి ముందు నిలబడింది. నవ్వమంటే నవ్వలేదు. ఆ ఫొటో కింద వచ్చింది ఒకే ఒక్క కామెంటు: "పెళ్లి ఎవరిది?"

"గిట్లనేనా ఎరుక జేసుడు?" అంది అక్క. ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేసి షట్టర్ తాళం సంగతి అడిగింది. నేను వినాలనే గట్టిగా మాట్లాడింది.

అంతలో ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తిని నిరసన తెలపడం. బంద్ కాబట్టి మా షట్టర్ ఎలాగూ దించేశాం. అక్క మా పెద్ద గిన్నెను ఆటోలో వేయించుకుని బయలుదేరింది. మావారు వద్దన్నా వినకుండా వెనకే నేనూ వెళ్లాను. హైవే నడిమధ్యన, మామూలు నూలు చీరలో, మొహమంతా చెమటతో, పప్పుచారు కలుపుతూ, ఉప్పు ఎక్కువేసిన వాడెవడినో తిడుతోంది అక్క. అబ్బ, ఎంత బాగుందో! ఫోన్లోనే ఫొటో తీసి, "మా కూరలన్నీ వండేది ఈ అక్కే" అని రాసి పేజీలో పెట్టాను.

సాయంత్రం నెట్ సెంటర్ ఆయన ఫోన్ చేశాడు. "మేడం, మీ పేజీ చూసుకున్నరా జర?"

చూస్తే ఏముంది! వెనక 'జై తెలంగాణ' బ్యానర్, దాని ముందు అక్క, అక్క ముందు గిన్నె, గిన్నె పొట్ట మీద ఎర్ర రంగుతో 'ఆంధ్రా కర్రీ పాయింట్'. ఫంక్షన్లకు పంపినప్పుడు మారిపోకూడదని గిన్నెలన్నిటి మీదా పేరు రాయించుకున్నది మేమే. బోర్డుకు అరటిగెల కట్టాం గానీ గిన్నెల సంగతి ఎవరికీ తట్టలేదు.

కింద కామెంట్లు పుట్టలు పుట్టలుగా ఉన్నాయి. "మన పప్పు వాళ్ల గిన్నెల ఎట్ల ఉడికింది?" అని ఒకరు. "గిన్నె మాది కనక పప్పులో సగం మాది" అని ఇంకొకరు. "ఉప్పెక్కువైంది, అది మాత్రం ఎవరిదీ కాదు" అని మూడో ఆయన. అవన్నీ చదివి వినిపిస్తే మావారు మంచినీళ్లు తాగి, చొక్కా మార్చుకుని, ఎక్కడికీ వెళ్లకుండా మళ్లీ అక్కడే కూర్చున్నారు.

మర్నాడు షట్టర్ ఎత్తేసరికి మెడలో గులాబీ కండువాలతో ఓ గుంపు నిలబడి ఉంది.

"నిన్న వండిన అక్క ఏడున్నది?" అన్నాడు ముందున్నతను.

నేను షట్టర్ మళ్లీ సగం దించబోయాను. అక్క మాత్రం తెర తోసుకుని వచ్చి గిన్నె వైపు చూపించింది.

"గంజు వాళ్లది, చెయ్యి నాది. తినేటప్పుడు లేని పట్టింపు ఇప్పుడెందుకు వచ్చింది బిడ్డా?"

"అయ్యో, కొట్లాటకు రాలే అక్కా. గా పప్పుచారు ఇయ్యాల గూడ ఉన్నదా?"

ఉంది. మధ్యాహ్నానికి అయిపోయింది కూడా. ఫొటో చూసి సరూర్‌నగర్ నుంచి మా వైపు వాళ్లూ వచ్చారు. వచ్చినవాళ్లెవరూ కూరల పేర్లు అడగలేదు, అక్క ఉందా అని అడిగారు. లేదంటే మళ్లొస్తామని వెళ్లిపోయేవారు. అక్క పెద్ద అంబర్‌పేట్ మాట ఇక ఎత్తలేదు. నాకెంత సంతోషమో చెప్పలేను. ఒళ్లు మండలేదా అంటే అదీ మండింది.

ఆ వారంలోనే కొత్తగా హాస్టల్లో చేరిన పిల్ల ఒకతి పప్పుచారు కట్టించుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఆంటీ, మీరు అక్క దగ్గర కొత్తగా చేరారా?"

నేను నోరు తెరిచేలోపే తెర వెనక నుంచి జవాబు వచ్చింది.

"కొత్తనే బిడ్డా. కూరలు కట్టుడు వచ్చింది. వండుడుకు జర టైం పడ్తది."