క్రిస్మస్ నాడు పోసుకోని నీళ్ళు

ఏ పండగా చేయని నేను ఒక్క క్రిస్మస్ మాత్రం చేసుకుంటానంటే జనం నవ్వుతారు. నవ్వనివ్వండి.

దేవుడు లేడని నేనన్నప్పుడు మా అత్తవారింట్లో పెద్ద గొడవేమీ జరగలేదు. పెళ్ళయి నర్సీపట్నం వచ్చిన కొత్తలోనే చెప్పేశాను. దీపం పెట్టను, మొక్కులు మొక్కను అన్నాను. అత్తగారు నాలుగు రోజులు ముఖం ముడుచుకుని, ఆ తర్వాత "బళ్ళో పాఠాలు చెప్పే పిల్ల కదా, పుస్తకాల పిచ్చి" అని ఇరుగుపొరుగుకి నవ్వుతూ చెప్పుకుంది. మా ఆయనైతే నా నాస్తికత్వం గురించి స్నేహితుల దగ్గర గొప్పలు పోయేవారు. నేను దేవుణ్ణి వదిలేస్తే ఆ ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నాకది అప్పుడే అనుమానంగా తోచింది.

డెబ్బైల చివర ఆడపిల్లల హైస్కూల్లో నాతోపాటు ఒక కుట్టు టీచరు ఉండేది. వాళ్ళు క్రైస్తవులు, ఊరి చివర పేటలో ఇల్లు. ఏటా పండగ ముందు రోజు స్టాఫు రూములో మా అందరికీ అరటిపళ్ళు, సీలు విప్పని బిస్కెట్ ప్యాకెట్లు పంచేది. తన ఇంట్లో వండింది మేం ముట్టమని ఆవిడకు తెలుసు. ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు. మేమేమో "థాంక్సండీ, హేపీ క్రిస్మస్" అని ఇకిలిస్తూ పుచ్చుకునేవాళ్ళం. ఒక ఏడు ఆ పండు నా చేతిలో పెడుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు.

"నాకు పళ్ళొద్దండీ. రేపు మీ ఇంటికి భోజనానికొస్తాను," అన్నాను.

ఆవిడ కంగారుపడింది. "మీ అత్తగారు ఊరుకుంటారేటండీ? రేపు నన్నంటారు."

"అనేవాళ్ళని నాతో అనమనండి."

పట్టపగలు, అందరూ చూసేలా మెయిన్ రోడ్డు మీద నడిచే వెళ్ళాను. వాళ్ళ గుమ్మానికి వెదురుబద్దల నక్షత్రం కట్టి ఉంది. వాకిట్లో చాపలు, విస్తళ్ళు. పులావు, కోడికూర, గారెలు. వడ్డన అయ్యాక అందరూ కళ్ళు మూసుకుంటే ఆవిడ మామగారు ప్రార్థన చేశారు. నేను కళ్ళు మూయలేదు. ఒక దేవుడికి పెట్టని దణ్ణం ఇంకో దేవుడికి పెట్టడానికి వెళ్ళలేదు కదా. ప్రార్థన ముగించి ఆ పెద్దాయన నా వైపు చూశారు.

"మా దేవుణ్ణి నమ్మరా తల్లీ?"

"ఏ దేవుణ్ణీ నమ్మనండి."

"మరెందుకొచ్చేరు?"

"భోజనానికండి."

ఆయన పకపకా నవ్వారు. "అయితే బేగి తినండమ్మా, సల్లారిపోతాది."

అంత రుచి నేనెరగనంటే అబద్ధం. గారెల్లో ఉప్పెక్కువైంది. ఆ మాట అన్నాను కూడా, అందరూ నవ్వారు. కుట్టు టీచరు మాత్రం నా విస్తరి కేసే చూస్తూ కూర్చుంది, ముద్ద నిజంగా మింగుతున్నానా లేదా అని.

నేను ఇల్లు చేరేలోపే కబురు చేరిపోయింది. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది.

"అక్కడే ఆగు. వాళ్ళింట్లో తినీసి వచ్చేవా?"

"తిన్నానత్తయ్యా."

"నూతి కాడికెళ్ళి నెత్తి మీద నీళ్ళు పోసుకుని రా."

మా ఇంట్లో ప్రతి ఆదివారం కోడి తెగేది. కాబట్టి గొడవ కోడి గురించి కాదు. దేవుడి గురించి అంతకన్నా కాదు. మా ఆయన మెల్లగా వచ్చి, "రెండు చెంబులు పోసుకుంటే ఏటైపోతుంది? నీకు నమ్మకాలేవీ లేవు కదా, నీకవి వట్టి నీళ్ళే," అన్నారు. చదువుకున్నవాళ్ళ తెలివి ఇలాగే ఉంటుంది.

"వట్టి నీళ్ళైతే మీరే పోసుకోండి. ఆవిడ పెట్టిన అన్నం నా కడుపులో ఉంది. అదేం మురికి కాదు, కడుక్కోడానికి," అని అత్తగారిని తప్పించుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ఆ పూట నుంచి అత్తగారు పెరట్లో వేరే పొయ్యి పెట్టుకుంది. నేను వండింది ముట్టలేదు. నాకు బాధ లేదంటే నమ్మకండి. టైఫాయిడ్ వచ్చినప్పుడు నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి. అయినా మరుసటేడు పండక్కి మళ్ళీ వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. అత్తగారు పెరట్లో కాగు కింద మంట ఎగదోస్తోంది. మన్యం వైపు నుంచి చలిగాలి కొడుతోంది. నన్ను చూసి లేచింది.

"కిందటేడు చన్నీళ్ళకి జడిసేవనుకున్నానమ్మా. వేన్నీళ్ళు కాచేను, పోసీసుకో. నీ చేతి అన్నం తిని ఏడాదైపోయింది."

నేను తిట్లకి సిద్ధపడి వచ్చాను. దీనికి కాదు. నాకు ఏడుపొచ్చేసింది. ఒక్క చెంబు పోసుకుంటే చాలు, ఆ రాత్రి నుంచే కలిసి తినొచ్చు. కుట్టు టీచరుకి ఎప్పటికీ తెలియదు. ఆవిడకి తెలియదు కాబట్టే పోసుకోలేకపోయాను.

"వండుతానత్తయ్యా, మీక్కూడా," అని పొడి జుట్టుతోనే వంటింట్లోకి వెళ్ళి ముగ్గురికీ బియ్యం కొలిచాను. ఆ రాత్రి ఆవిడ తినలేదు. మర్నాడూ ముగ్గురికీ వండాను.